బదిలీ మనిషి వచ్చేదాకా

వంటింట్లో భోజనం డబ్బా మూత బిగిసిన చప్పుడు వినిపించిందంటే ఉదయం ఏడున్నర అయినట్టు. అమ్మ కింది గిన్నెలో అన్నం, పై గిన్నెలో కూర సర్ది, పాత తువ్వాలు ముక్కతో మూటకట్టి గుమ్మం పక్కన పెట్టేది. కూతురు ఆ మూట పట్టుకుని, ఏడేళ్ళ తన పిల్లని బడి దగ్గర దింపి, ఆస్పత్రికి వెళ్తూ దారిలో మిల్లు గేటు ముందు ఆగేది. గేటు కింద సందులోంచి మూటని లోపలికి తోసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయేది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి డబ్బా ఖాళీగా, శుభ్రంగా కడిగి, అదే చోట ఉండేది.

ఊళ్ళో అందరూ ఆమెని నర్సమ్మ అనేవాళ్ళు. కోపం వచ్చినప్పుడు అమ్మ కూడా అలాగే పిలిచేది.

గేటుకి ఎదురుగా సైకిల్ షాపు. షాపాయన్ని ఆమె చిన్నప్పటినుంచీ బాబాయ్ అనేది. రోజూ ఆమె వంగి లేచేసరికి ఆయన ఏ చక్రం ముందో గొంతుక్కూర్చుని, తలెత్తకుండానే అడిగేవాడు.

"పెట్టేశావా పాపా?"

"పెట్టేశాను బాబాయ్."

అంతే మాట. ఇరవై ఏడేళ్ళుగా అంతే.

డబ్బా వాళ్ళ నాన్నకి. ఆయన మిల్లులో నేత పనివాడు. ఉదయం ఆరింటికి షిఫ్టు ఎక్కాడు, ఇంకా దిగలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి గేటుకి నోటీసు కట్టారు, మిల్లు మూతపడింది, జనమంతా బిలబిలమంటూ బయటికి వచ్చేశారు. నాన్న రాలేదు. నడుస్తున్న మగ్గం మీద బదిలీ మనిషి వచ్చి చెయ్యి వేసేదాకా పక్కకి జరగకూడదు. అది మిల్లులో రూలు. రెండింటికి రావలసిన బదిలీ మనిషి రాలేదు. సాయంత్రం కరెంటు తీసేసినా ఆ ఒక్క మగ్గం ఆగలేదు. గాలి ఇటు తిరిగినప్పుడు దాని టకటకలు వీధిలోకి వినిపించేవి.

బడిలో తండ్రి వృత్తి దగ్గర ఏం రాయాలని అడిగితే టీచరు తనే "షిఫ్టులో ఉన్నారు" అని రాసేసింది. దారిలో ఎదురైన వాళ్ళు "మీ నాన్న దిగాడా?" అనడం, "ఇంకా లేదండీ" అని ఈమె అనడం, వానలు పడ్డాయా అని అడిగినంత మామూలు. మొదటి నెలలో అమ్మ మూడుసార్లు లోపలికి వెళ్ళొచ్చింది. మూడుసార్లూ వచ్చి ఒకటే మాట చెప్పింది. "రెండింటికి దిగుతానన్నాడు." ఆ తర్వాత తనూ వెళ్ళలేదు, కూతుర్నీ వెళ్ళనివ్వలేదు.

"నీకు జాలెక్కువ. పోయి మగ్గం మీద చెయ్యేస్తావు. వేసినవాళ్ళు ఇంకొకరు వచ్చేదాకా కదల్లేరు. ఇద్దరికి రెండు డబ్బాలు కట్టే ఓపిక నాకు లేదు," అంది.

ఒక సోమవారం ఉదయం నర్సమ్మ వంగబోయేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. లోపల పెద్ద యంత్రాలు రెండు, పసుపు రంగువి, మెడలు వంచుకుని నిలబడి ఉన్నాయి. హెల్మెట్ పెట్టుకున్న కుర్ర సూపర్‌వైజరు ఒకడు అట్టకి కాగితాలు గుచ్చుకుని తిరుగుతున్నాడు. ఆమె చేతిలో డబ్బా చూసి అతనే దగ్గరికి వచ్చాడు.

"మీరేనా అండీ నర్సమ్మగారు? మీ నాన్నగారి సంగతి చెప్పారు. రేపు పొద్దున ఏడింటికి కూల్చడం మొదలుపెడతాం. లోపల ఎవరూ లేరని నేను సంతకం పెట్టాలి. ఇవాళ సాయంత్రానికి ఆయన్ని కాస్త రమ్మనండి."

"రమ్మంటే వచ్చే మనిషైతే ఎప్పుడో వచ్చేవాడు."

"వాయిదా వెయ్యడం నా చేతిలో లేదండీ," అన్నాడతను. నిజంగానే బాధపడుతున్నాడు. "నేత షెడ్డుకి వెళ్ళే దారి కూలిపోయింది. పైనుంచి నూలు హాలు మీదుగా వెళ్ళాలి. గోడ పక్కనే నడవండి. మధ్యలో చెక్కలు పుచ్చిపోయాయి."

ఆమె ఆస్పత్రికి ఫోన్ చేసి రావడంలేదని చెప్పింది. అమ్మకి చెయ్యలేదు. చేస్తే వెళ్ళొద్దంటుంది. సైకిల్ షాపు వైపు చూసింది. బాబాయ్ చక్రం వదిలేసి నిలబడి, యంత్రాల వైపే చూస్తున్నాడు. ఇవాళ "పెట్టేశావా" అని అడగలేదు.

డబ్బా గేటు పక్కన పెట్టి ఆమె లోపలికి అడుగుపెట్టింది.

మొదట టైమాఫీసు. తలుపు లేదు. గోడకి చెక్క అరలు రెండు వరసలు, ఒకదాని మీద "బయట" అని, ఇంకోదాని మీద "లోపల" అని రాసి ఉంది. బయట వరసలో వందల కార్డులు చెమ్మకి ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. లోపల వరసలో ఒకే ఒక్క కార్డు. నిన్న పెట్టినట్టు తెల్లగా ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏమవుతుందో తెలియదు కదా.

దూది హాల్లో అడుగు వేస్తే చప్పుడు లేదు. పాత దూది చీలమండల దాకా పేరుకుని, బూజుపట్టి, బూడిద రంగుకి తిరిగింది. గోడవారన చెప్పుల జతలు వరసగా విడిచి ఉన్నాయి. దూదిలో జారకుండా అప్పట్లో అందరూ ఉత్త కాళ్ళతో పనిచేసేవాళ్ళని అమ్మ చెప్పేది. ఆ రోజు గాభరాలో చెప్పులు మర్చిపోయి కూడా పోయారన్నమాట. ఆడవాళ్ళవి, మగవాళ్ళవి, ఒక మూల తెగిన పట్టీకి పిన్నీసు పెట్టిన జత. ఆమెకి ఊపిరి పైపైనే ఆడింది. దుమ్ము వల్ల అనుకుంది. దుమ్ము వల్ల కాదని ఆమెకే తెలుసు.

ఇనప మెట్లెక్కి నూలు హాల్లోకి వచ్చింది. ఈ చివరినుంచి ఆ చివర కనిపించనంత పొడుగు. తుప్పు పట్టిన యంత్రాలు బారులు తీరి ఉన్నాయి. కప్పు రేకులు ఊడిన చోట ఎండ గుండ్రంగా పడుతోంది. పావురాలు ఒక్కసారిగా లేచేసరికి ఆమె గోడకి కరుచుకుపోయింది. గోడ పక్కనే నడిచింది, ఒక్కో అడుగూ ముందు బొటనవేలితో నొక్కి చూసుకుంటూ. అయినా సగం దాటాక చెక్క ఒకటి పిండిలా నలిగి, కుడికాలు మోకాలి దాకా దిగబడింది. కింద ఏమీ తగల్లేదు. ఉత్త గాలి.

కదలకుండా అలాగే ఉండిపోయింది. 'మేకు గుచ్చుకుంటే ఇంజెక్షన్ నేనే వేసుకోవాలి' అనుకుంది. ఆ పిచ్చి ఆలోచనే ఆమెని కాస్త కుదుటపరిచింది. మెల్లిగా, రెండు అరచేతులూ నేలకి ఆనించి, కాలు పైకి లాక్కుంది. పిక్క గీరుకుపోయింది గానీ లోతుగా కాదు. అప్పుడు వినిపించింది, నేల లోంచి, చేతుల్లోకి. టకటక, టకటక.

అవతలి మెట్లు దిగితే నేత షెడ్డు. రెండొందల మగ్గాలు కదలకుండా ఉన్నాయి. పై అద్దాల్లోంచి పడే తెల్లటి వెలుతురులో వాటి మధ్య దారి తిన్నగా కనిపిస్తోంది. చిట్టచివర, కిటికీ పక్కన, ఒక్కటి నడుస్తోంది. దాని ముందు ఉత్త కాళ్ళతో ఒక సన్నటి మనిషి. నల్లటి జుట్టు నిండా దూది. ముప్ఫై మూడేళ్ళుంటాయి. తనకి ముప్ఫై ఆరు.

అతను ఆమె తెల్లకోటు చూసి, మళ్ళీ మగ్గం వైపు తిరిగాడు.

"డిస్పెన్సరీ నుంచా? తలనొప్పి మాత్ర ఉంటే ఇచ్చి వెళ్ళండి. ఇవాళ షిఫ్టు ఎంతకీ తెమలట్లేదు."

"నాన్నా, నేను."

"మా అమ్మాయికి తొమ్మిదేళ్ళండీ. బడికెళ్ళింది."

"బడి అయిపోయింది. పెళ్ళయింది. నా కూతురే బడికి వెళ్తోంది ఇప్పుడు."

అతను ఈసారి సరిగ్గా చూశాడు. చేతులు తమ పని తాము చేసుకుపోతూనే ఉన్నాయి.

"నడుం మీద చెయ్యేసుకుని అచ్చం మీ అమ్మలాగే నించున్నావు," అన్నాడు చివరికి. "అయితే ఇవాళ బాగా సాగిందన్నమాట. నేనూ అనుకుంటూనే ఉన్నాను, మీ అమ్మ ఒక్క రోజులో ఇన్ని డబ్బాలు ఎందుకు పంపుతోందా అని. పంపినవన్నీ తినేశాను. ఇవాళ ఎందుకో ఆకలి ఆగట్లేదు."

ఆమెకి నవ్వొచ్చింది.

"రేపు పొద్దున ఇదంతా కూల్చేస్తారు. మగ్గం ఆపి వచ్చెయ్యి నాన్నా."

"ఎలా వస్తాను? నడుస్తున్న మగ్గాన్నే చేతికి అప్పజెప్తానని బదిలీ మనిషికి మాటిచ్చాను. ఇంకో పది నిమిషాల్లో వస్తాడు." గోడ మీద గడియారం రెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. దాని లోలకం మీద పిచ్చుక గూడు.

ఆమె వాదించలేదు. వార్డులో తను చేసేదీ అదే. తర్వాతి డ్యూటీ నర్సు రాకపోతే పదహారు గంటలు నిలబడ్డ రోజులున్నాయి. పేషెంట్లని ఎవరికీ అప్పజెప్పకుండా ఎవరు రమ్మన్నా వచ్చేది కాదు.

మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలు అయిపోవచ్చింది. అతను పెట్టెలోంచి నూలు చుట్టిన కొత్త కండె తీసుకున్నాడు.

"ఒక్క క్షణం ఈ పిడి పట్టుకో. కండె మార్చేస్తాను."

చిన్నప్పుడు గ్లాసు పట్టుకో అన్నంత మామూలుగా అన్నాడు. ఆమె చెయ్యి దానంతట అదే ముందుకి వెళ్ళింది. పిడి అరిగి, చెమటకి నున్నబడి మెరుస్తోంది. ఇంకో బెత్తెడు ఉందనగా, మూడున్నరకి బడి గేటు దగ్గర సంచీ తగిలించుకుని నిలబడే పిల్ల కళ్ళముందు మెదిలింది. వాళ్ళ నాన్న లారీ మీద ఎక్కడో ఉంటాడు, వారానికోసారి వస్తాడు. పిల్ల అలాగే నిలబడి ఉంటుంది.

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

"పర్లేదులే, అలవాటే," అని అతను మోకాలితో పిడిని నొక్కిపెట్టి కండె మార్చుకున్నాడు. ఆమె మొహం వేడెక్కిపోయింది.

"ఎవరు నాన్నా ఆ బదిలీ మనిషి?"

"మన వీధి చివర ఉంటాడే, సైకిలు పిచ్చోడు. పెళ్ళయి ఏడాది. భార్యకి నెలలు నిండాయి, అందుకే ఇవాళ ఆలస్యమైందేమో." కిటికీ వైపు గడ్డం ఊపాడు. "వచ్చిన దారిన వెళ్ళకు, కాలు చూడు ఎలా గీరుకుపోయిందో. ఆ కిటికీలోంచి దిగు. డబ్బా అక్కడికే వస్తుంది."

"ఎవరు తెస్తారు?"

"చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. గ్రీజు అంటుకుని, నల్లగా ఉంటుంది."

ఆమె కిటికీ దిగి, పడిపోయిన ప్రహరీ సందులోంచి రోడ్డు మీదికి వచ్చి, తిన్నగా సైకిల్ షాపుకి వెళ్ళింది. బాబాయ్ ఏ పనీ చెయ్యకుండా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇవాళ్టి డబ్బా ఆయన పక్కనే ఉంది. ఆయన ఆమె జుట్టులో దూది చూశాడు, కాలి మీద నెత్తురు చూశాడు.

"చెప్పేశాడా?"

"నిన్ను తప్పుపట్టలేదు బాబాయ్. ఇంకో పది నిమిషాల్లో వస్తావన్నాడు."

ఆయన డబ్బా మూట ముడి ఒకసారి విప్పి మళ్ళీ కట్టాడు.

"ఆ రోజు రెండింటికి రెండు నిమిషాల ముందే వచ్చాను పాపా. నోటీసు చూశాను. మిల్లే మూసేశాక ఇంక బదిలీ ఏమిటిలే అనుకుని తిరిగి వెళ్ళిపోయాను. రాత్రికి తెలిసింది వాడు దిగలేదని. పొద్దున్నే వెళ్దామనుకున్నాను. పొద్దున కొడుకు పుట్టాడు. వెళ్తే నన్ను ఎవరు దింపుతారు? భయమేసింది. ఆ భయం ఇవాళ్టిదాకా దిగలేదు. డబ్బా తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద పెట్టేవాణ్ణి, వాడు తిన్నాక కడిగేవాణ్ణి. తల మాత్రం పైకెత్తేవాణ్ణి కాదు."

"అమ్మకి తెలుసా?"

"తెలుసు. ఒకటే సారి వచ్చింది ఇక్కడికి. మా పిల్లాడు ఒళ్ళో ఉన్నాడు. వాణ్ణి చూసి, ట్యూబులో గాలి తక్కువైందని చెప్పి, గాలి కొట్టించుకుని వెళ్ళిపోయింది."

ఇందాక తన చెయ్యి ఎంత దూరంలో ఆగిందో నర్సమ్మకింకా తెలుస్తూనే ఉంది. వెళ్ళమని చెప్పడానికి నోరు రాలేదు. వెళ్ళొద్దనడానికీ రాలేదు. రాత్రి పదింటికి వచ్చి ఈయన్ని దింపవలసిన మూడో షిఫ్టు మనిషి చనిపోయి పదకొండేళ్ళు. రేపు ఏడింటికి యంత్రాలు.

బాబాయ్ లేచి చేతులు కిరసనాయిలుతో తుడుచుకున్నాడు, సబ్బుతో కడుక్కున్నాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు పోలేదు. మళ్ళీ కడుక్కున్నాడు.

"తెల్లగుడ్డ మీద మరక పడకూడదు," అన్నాడు. చెప్పులు షాపులోనే విడిచేశాడు.

కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి అమ్మ అక్కడ ఉంది. సూపర్‌వైజరు కబురు పంపాడట. మోకాళ్ళ నొప్పులతో రాళ్ళగుట్ట ఎలా దాటిందో మరి. బాబాయ్‌ని చూసి పక్కకి జరిగింది.

ఆయన కిటికీ గట్టు పట్టుకుని, ఒక కాలు లోపలికి వేశాడు. అక్కడ ఆగిపోయాడు. నర్సమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి రెండో కాలు కూడా లోపలే ఉంది.

నాన్న తలతిప్పి చూశాడు.

"ఏంట్రా, ఇంత ముసలాడివైపోయావు?"

"ఆలస్యమైంది."

"సర్లే. కుడివైపు అంచు దగ్గర పోగు ఒకటి బలహీనంగా ఉంది, చూసుకో. నాడె కొంచెం ఎడమకి లాగుతుంది. పడుగు నూలు చుట్టిన బీము సగం ఉంది ఇంకా."

"చూసుకుంటాను."

బాబాయ్ పిడి మీద చెయ్యి వేశాడు. నాన్న చెయ్యి తీశాడు. మగ్గం ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

నాన్న కిటికీ దిగి, ఎండకి కళ్ళు చికిలించి, ఎదురుగా ఉన్న ఆవిడని చూశాడు. నెరిసిన జుట్టుని, లావెక్కిన చేతులని. ఆవిడ ముందుకొచ్చి అతని కనుబొమల మీది దూది అరచేత్తో తుడిచింది.

"కూరలో ఉప్పు తక్కువేశానా ఇవాళ?" అంది.

"ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంది," అన్నాడు. వెంటనే లోపలికి చూశాడు. "రాత్రి పదింటికి వీణ్ణి ఎవరు దింపుతారు?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. అర్థమైంది అతనికి.

"అయితే డబుల్ డ్యూటీ నాదే," అని కిటికీ గట్టు మీద చెయ్యి వేశాడు. అమ్మ అతని చొక్కా అంచు పట్టుకుంది. లాగలేదు, వదల్లేదు. గుప్పిట్లో బిగించి అలాగే నిలబడింది. నర్సమ్మ రాళ్ళ మీద కూర్చుంది.

మూడింటికి ఆమె బడికి వెళ్ళి పిల్లని పక్కింట్లో అప్పజెప్పి వచ్చింది. తిరిగి వచ్చేసరికి ముగ్గురూ అదే భంగిమలో ఉన్నారు. అమ్మ గుప్పిట్లో చొక్కా అంచు నలిగి ముడతలు పడింది. కానీ నాన్న కళ్ళు చిన్నవి చేసుకుని లోపలికి చూస్తున్నాడు.

"ఒరేయ్," అన్నాడు. "బీము చూడు."

బాబాయ్ చూడలేదు. భయం ఆయనకి.

"తరుగుతోందిరా. నేను నేస్తున్నంతసేపూ సగమే ఉంది. నువ్వొచ్చాక తరుగుతోంది."

నర్సమ్మ కిటికీ దగ్గరికి వచ్చి చూసింది. బీముకి చుట్టిన పడుగు పల్చబడి, అడుగున చెక్క లీలగా కనిపిస్తోంది. బాబాయ్ తెచ్చుకున్న గంటలు మామూలు గంటలు. అవి గడుస్తున్నాయి. పడుగు అయిపోతే నెయ్యడానికి ఏమీ ఉండదు, మగ్గం ఆపవచ్చు. దానికి బదిలీ అక్కర్లేదు. ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నలుగురికీ తెలుసు.

ఇక అక్కడినుంచి నిలబడటం మరీ కష్టమైంది. ఎండ షెడ్డు మీంచి జారిపోతోంది. కుడి అంచులో ఆ బలహీనమైన పోగు రెండుసార్లు తెగింది. రెండుసార్లూ నాన్న కిటికీలోంచి "తొందరపడకు, తొందరపడకు" అంటూనే ఉన్నాడు. బాబాయ్ ముడి వేశాడు. గేటు వైపునుంచి సూపర్‌వైజరు రెండుసార్లు వచ్చి, చేతి గడియారం చూసుకుని వెళ్ళాడు. మూడోసారి వచ్చి వీళ్ళ పక్కనే నిలబడిపోయాడు.

ఆరు దాటింది. పడుగు పోగుల కొసలు బీము మీంచి ఊడి, వానచినుకుల్లా జలజలా ముందుకి జారాయి. బాబాయ్ పిడి వెనక్కి తోశాడు.

ఇరవై ఏడేళ్ళ తర్వాత ఆ ఊరికి ఆ చప్పుడు లేదు. వీధిలో ఎక్కడో ఒక కుక్క మొరిగి, తనే ఆపేసింది. బాబాయ్ చెయ్యి పిడి మీద నుంచి తీశాడు. మెల్లిగా, ఒక్కో వేలూ. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు. ఎవరూ ఆయన్ని ఆపలేదు. కిటికీ దాకా వచ్చి కాలు ఎత్తలేకపోతే నాన్న చంకల కింద చేతులు వేసి పిల్లాణ్ణి దింపినట్టు దింపాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా అండీ?" అన్నాడు సూపర్‌వైజరు, కలం తీస్తూ.

"లేరు," అంది నర్సమ్మ.

ఆ రాత్రి నాన్న స్నానం చేసి, ఏమీ తినకుండా మంచమ్మీద వాలాడు. పొద్దున ఏడింటికి యంత్రాలు మొదలయ్యాయి. గోడలు ఒక్కొక్కటే కూలుతుంటే కిటికీ రెక్కలు అదిరాయి, అల్మారాలో గిన్నెలు మోగాయి. పిల్ల దుప్పటి కప్పుకుని వచ్చి మంచం పక్కన నిలబడి, ఈ కొత్త మనిషిని పరీక్షగా చూసింది. నాన్న లేవలేదు. నోరు కొద్దిగా తెరుచుకుని, అరచేతులు పైకి పెట్టుకుని, మొద్దులా నిద్రపోతున్నాడు.

"లేపనా?" అంది నర్సమ్మ. కూలే చప్పుడు వినిపించినప్పుడల్లా ఆమె అతని ఛాతీ పైకీ కిందికీ ఆడుతోందో లేదో చూస్తోంది. వార్డులో అలవాటు.

"పడుకోనీ. చాలా పొడుగు షిఫ్టు చేశాడు," అంది అమ్మ. గుమ్మంలో కూర్చుని మోకాళ్ళకి మందు రాసుకుంటోంది. మందు మూత బిగించి, నెమ్మదిగా అంది. "నీకంటే మూడేళ్ళు చిన్న. నేను పోయాక నిన్ను కనిపెట్టుకుని ఉండటానికి ఇంట్లో ఒకడున్నాడు. ముసలిదానివైపోయాక ఆస్పత్రికి అతనే తీసుకెళ్తాడు."

నర్సమ్మ తండ్రి వైపు చూసింది. తనకి డెబ్భై ఏళ్ళు వచ్చేసరికి ఇతనికి అరవై ఏడు. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాడు. చెవి వినబడకపోతే గట్టిగా చెప్తాడు. తండ్రి లేకుండా పెరిగిన కూతురు తండ్రి కళ్ళముందే ముసలిదవుతుంది.

అవతల ఇంకో గోడ కూలింది. నిద్రలోనే నాన్న కుడిచెయ్యి కొద్దిగా కదిలింది. పిల్ల వంగి, ఆ అరచేతిలో తన వేలు పెట్టింది. వేళ్ళు దాని చుట్టూ మూసుకున్నాయి. ఒక్క క్షణం ఆగి, అవే తెరుచుకున్నాయి.